హంపి, ఆనెగొంది: బయల్దేరే ముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

తుంగభద్రకు దక్షిణపు ఒడ్డున హంపి, ఉత్తరపు ఒడ్డున ఆనెగొంది. హంపి విజయనగర జిల్లాలో, ఆనెగొంది కొప్పళ జిల్లాలో ఉన్నా చూడాల్సింది రెండింటినీ కలిపే. మధ్యలో నది, చుట్టూ గుండ్రాళ్ళ గుట్టలు, అరటి తోటలు, వాటి సందుల్లో ఒక మహానగరం శిథిలాలు. మన ఊళ్ళ నుంచి హంపికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాం.

ఒక్కరోజులో చూసి వచ్చేయొచ్చా?

వచ్చేయొచ్చు. టూర్ బస్సులవాళ్ళు రోజూ చేసేది అదే. పొద్దున విరూపాక్షుడి దర్శనం, పదకొండుకి ఏకశిలా రథం ముందు ఫొటో, మధ్యాహ్నం ఎండలో ఏనుగుల శాల, నాలుగింటికి తుంగభద్ర డ్యాం. ఇంటికొచ్చాక "ఏం చూశావు?" అంటే "రాళ్ళు" అని చెప్పేది ఇలా తిరిగినవాళ్ళే. కనీసం రెండు పగళ్ళు, రెండు రాత్రులు పెట్టుకోండి. మూడైతే ఇంకా మంచిది: ఒకరోజు నది వెంట గుళ్ళు, ఒకరోజు కమలాపురం వైపు రాజప్రాసాదాల ప్రాంతం, ఒకరోజు అవతలి ఒడ్డు. సెలవు ఒక్కరోజే దొరికితే అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. నది వెంట గుళ్ళు మాత్రమే చూసి రండి.

ఎలా వెళ్ళాలి?

దగ్గరి రైల్వే స్టేషన్ హోస్పేట. అక్కణ్ణుంచి హంపికి 12, 13 కిలోమీటర్లు. కోస్తావాళ్ళకు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేటకు చేరుస్తుంది. తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్ళే హరిప్రియ కూడా ఇటే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులున్నాయి. సొంత కారైతే సుమారు 370 కిలోమీటర్లు. విమానంలో రావాలంటే తోరణగల్లు దగ్గర విద్యానగర్‌లో చిన్న విమానాశ్రయం ఉంది. సర్వీసులు మారుతుంటాయి కాబట్టి టికెట్ చేతికొచ్చాకే మిగతా ప్లాన్ వేసుకోండి.

హోస్పేట బస్టాండు నుంచి హంపికి బస్సులు తరచుగా దొరుకుతాయి. ఆటో మాట్లాడుకుంటే "రోజంతా తిప్పాలి, ఇన్ని చోట్ల ఆగాలి" అని ముందే తేల్చుకోండి.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి సగం దాటిందంటే రాళ్ళు కాలి, రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి. ఏప్రిల్, మేలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం పదింటికే గదికి చేరాల్సి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చేవాళ్ళు తక్కువ. గుట్టల మధ్య పచ్చగా, నది నిండుగా ఉండే ఆ రోజులే మాకు ఎక్కువ నచ్చుతాయి. కాకపోతే డ్యాం గేట్లు ఎత్తితే పుట్టిలు (గుండ్రటి బుట్ట పడవలు), మామూలు పడవలు ఆగిపోతాయి. చైత్రంలో విరూపాక్షుడి రథోత్సవానికి జనం పోటెత్తుతారు. ప్రభుత్వం జరిపే హంపి ఉత్సవం తేదీలు ఏటా మారుతుంటాయి. ఆ మూడు నాలుగు రోజులూ గది దొరకడం కష్టం, దొరికినా రేటు రెట్టింపు.

ఎక్కడ ఉండాలి? నెట్‌లో చదివిన గెస్ట్‌హౌస్‌లు ఇప్పుడు ఉన్నాయా?

చాలావరకు లేవు. 2011కు ముందు విరూపాక్ష ఆలయం ఎదుటి బజారు మండపాల్లోనే కుటుంబాలు కాపురముండేవి, దుకాణాలు, హోటళ్ళు నడిచేవి. రక్షిత కట్టడాలని ఆ ఏడాది వాటిని ఖాళీ చేయించి కూలగొట్టారు. అవతలి ఒడ్డున విరూపాపుర గడ్డలో రిసార్టులు ఉండేవి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో వాటినీ తొలగించారు. అందుకే పాత రాతలు చదివి "నది పక్క గుడిసెలో ఉయ్యాల" అని కలలు కనకండి.

ఇప్పుడు గుడి వెనక హంపి గ్రామంలో కొన్ని ఇళ్ళలో గదులిస్తారు. కమలాపురంలో, హోస్పేటలో హోటళ్ళున్నాయి. ఆనెగొందిలో, సనాపూర్ వైపు హోమ్‌స్టేలున్నాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే హోస్పేట సుఖం. లేదంటే ఆనెగొందిలో దిగండి. పొద్దున్నే లేచి వీధి అరుగుల మధ్య నడుచుకుంటూ నదికి వెళ్ళే వీలు హోస్పేట లాడ్జిలో దొరకదు.

మొదట ఎక్కడ మొదలుపెట్టాలి?

విరూపాక్ష ఆలయంలో. హంపిలో శిథిలం కానిది, ఇప్పటికీ రోజూ పూజ జరిగే పెద్ద గుడి ఇదొక్కటే. విజయనగరం పుట్టకముందే ఇక్కడ గుడి ఉంది. లోపలి రంగమండపాన్ని కృష్ణదేవరాయలు 1510 ప్రాంతంలో తన పట్టాభిషేకం సందర్భంగా కట్టించినట్టు ముందున్న శాసనం చెబుతుంది. మండపంలో తల ఎత్తి పైకప్పు చూడండి: పల్లకీలో విద్యారణ్యుల ఊరేగింపు, గిరిజా కల్యాణం, మత్స్యయంత్రం కొడుతున్న అర్జునుడు. దర్శనం హడావిడిలో చాలామంది ఈ బొమ్మలు చూడకుండానే వచ్చేస్తారు.

తర్వాత గర్భగుడి వెనక్కి వెళ్ళండి. మెట్లెక్కితే ఒక చీకటి గది వస్తుంది. గోడకు సన్నటి రంధ్రం ఉంటుంది. దాని ఎదుటి సున్నపు గోడ మీద, ఎండ బాగా ఉన్నప్పుడు, తూర్పున ఉన్న 160 అడుగుల గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. శిఖరం కిందికి, ద్వారం పైకి. పాత కెమెరా పనిచేసే సూత్రమే ఇది. చెయ్యి అడ్డం పెడితే గోపురం మాయం, తీస్తే ప్రత్యక్షం. పిల్లలు ఈ గదిలోంచి ఒక పట్టాన బయటికి రారు.

బయటికొచ్చాక బజారు వీధి పొడవునా తూర్పుకి నడిస్తే చివర పెద్ద నంది కనిపిస్తాడు. అక్కణ్ణుంచి మతంగ కొండ పక్కగా, నది వెంట విఠల ఆలయానికి రెండు కిలోమీటర్ల కాలిబాట. దారిలో చక్రతీర్థం మలుపు దగ్గర కోదండరామాలయం, లోపలికి కాస్త తిరిగితే అచ్యుతరాయల గుడి, ముందుకెళ్తే సుగ్రీవుడి గుహ, తులాభారం రాతి తోరణం, పురందర మండపం. హంపిలో ఒకే ఒక్క పని చేస్తామంటే ఈ నడకే చేయమంటాం. కార్లో వెళ్ళేవాళ్ళు దీన్ని మొత్తంగా పోగొట్టుకుంటారు, ఎందుకంటే విఠల ఆలయానికి రోడ్డు వేరే వైపు నుంచి వస్తుంది. ఆ రోడ్డున వెళ్తే పార్కింగ్ దగ్గర దిగి బ్యాటరీ బండి ఎక్కాలి.

సంగీత స్తంభాలు వాయించనిస్తారా?

వాయించనివ్వరు. విఠల ఆలయ మహామండపంలోని 56 స్తంభాలను మీటితే స్వరాలు పలుకుతాయని పేరు. లక్షల చేతులు కొట్టీ కొట్టీ అరిగిపోతుంటే ఆపేశారు. గార్డు చూడనప్పుడు ఒక్కసారి అంటూ బతిమాలే గైడ్‌ను ప్రోత్సహించకండి.

యాభై రూపాయల నోటు మీదున్న రథం ఇక్కడిదే. నిజానికి అది రథంలా చెక్కిన గరుత్మంతుడి గుడి. అనేక రాళ్ళను అతుకులు కనిపించకుండా పేర్చి కట్టారు కాబట్టి ఏకశిల అనే మాట కూడా పేరుకే. ఇప్పుడు చుట్టూ కంచె ఉంది, ఎక్కనివ్వరు. ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చిపెట్టినవి; వాటి వెనక్కి వంగి చూస్తే మొదట ఉన్న గుర్రాల వెనక కాళ్ళు, తోకలు ఇంకా కనిపిస్తాయి. 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లీషు అధికారి తీసిన ఫొటోలో ఈ రథం మీద ఇటుకల గోపురం కూడా ఉంది. తర్వాత దాన్ని తీసేశారు.

రాయలవారి భువన విజయం ఎక్కడ?

తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న ఇది. సినిమాల్లో, నాటకాల్లో చూసిన అష్టదిగ్గజాల సభ కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు "ఇదే భువన విజయం" అని చెప్పే గోడ ఒక్కటీ దొరకదు. రాజప్రాంగణంలో సభామండపం అని బోర్డున్న చోట ఎత్తైన అరుగు, దాని మీద వరసగా స్తంభాలు నిలబెట్టిన రాతి పీటలు మాత్రం మిగిలాయి. స్తంభాలు కలపతో చేసినవి. పైకప్పులూ అంతే. విజయనగరంలో దేవుడికి రాతితో కట్టారు. రాజుల ఇళ్ళు, సభలు పీఠం వరకే రాయి, పైనంతా కలప, ఇటుక, సున్నం. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో, రాజ్యాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాక నగరం దోపిడీకి గురైంది, మంటల్లో కాలింది. అందుకే గుళ్ళు నిలిచాయి, మేడలు పోయాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే "రాజు ఇల్లు ఏది?" అన్న నిరాశ ఉండదు.

దాని పక్కనే మహర్నవమి దిబ్బ ఉంది. దసరా ఉత్సవాలను రాజు ఇక్కడి నుంచే చూసేవాడు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల కాలంలో ఆ వేడుకలు కళ్ళారా చూసి రాశాడు. గబగబా మెట్లెక్కిపోకుండా పక్క గోడలు చూడండి: గుర్రాలమ్మే విదేశీ వర్తకులు, వేట, కోలాటం, వసంతాలాడుతున్న ఆడవాళ్ళు.

అక్కడే 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు ఉంది. నల్లరాతి దిమ్మెలు గీత గీసినట్టు పేర్చి ఉంటాయి. ఒడ్డున కూర్చుని ఒక్కో దిమ్మెను పరీక్షగా చూస్తే చిన్న చిన్న అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో, ఎన్నోది అన్న లెక్క అది. ఎక్కడో చెక్కి, గుర్తులు వేసి, ఇక్కడికి తెచ్చి జోడించారన్నమాట. దీనికి నీళ్ళు తెచ్చిన రాతి కాలువ ఇప్పటికీ గట్టు దాకా కనిపిస్తుంది. ఆ దగ్గర్లోనే కాలువ పక్కన వరసగా రాతి కంచాలున్నాయి: అన్నానికో గుంట, కూరలకో గుంట, అన్నీ రాతిలో తొలిచినవే.

హజారరామ ఆలయాన్ని వదలొద్దు. గోడల చుట్టూ రామాయణమంతా బొమ్మలుగా ఉంది. తెలిసిన కథ కాబట్టి ఇక్కడ గైడ్ అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే చాలు. లోటస్ మహల్, పదకొండు గదుల ఏనుగుల శాల కూడా ఈ వైపే. ఫొటోలకు బాగుంటాయి, అంతకంటే ఎక్కువసేపు అక్కడ పని లేదు.

మన సీమకు, కోస్తాకు సంబంధించినవి ఇంకేమున్నాయి?

ఉన్నాయి. హంపిలోని కృష్ణాలయం మన నెల్లూరు జిల్లా ఉదయగిరితో ముడిపడింది. గజపతుల నుంచి ఉదయగిరి కోటను గెలిచాక రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి, ఈ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ. విరూపాక్ష ఆలయం పక్కనున్న హేమకూటం గుట్ట దిగువన ఉన్న సాసివెకాళు గణపతి మండపాన్ని 1506లో చంద్రగిరి వర్తకుడొకడు కట్టించినట్టు శాసనం చెబుతుంది. ఎనిమిది అడుగుల విగ్రహం. ముందు నుంచి చూసి వెళ్ళిపోకండి. వెనక్కి వెళ్తే గణపతిని ఒడిలో కూర్చోబెట్టుకున్న తల్లి వీపు కనిపిస్తుంది.

కృష్ణాలయం దాటాక 1528 నాటి నరసింహుడు, 22 అడుగులు. ఉగ్ర నరసింహుడని అందరూ అంటారు గానీ ఆయన లక్ష్మీనరసింహుడే. ఒడిలోని అమ్మవారిని పగలగొట్టారు. స్వామి వీపు వైపు చూడండి, చుట్టూ వేసిన ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది. పక్క గుడిలోని బడవిలింగం ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది.

ఆనెగొంది దాకా వెళ్ళడం అవసరమా?

హంపి కంటే పాత ఊరు అదే. 1336లో విజయనగర రాజ్యం మొదలైందని చెప్పుకునే కథంతా ఆ ఒడ్డునే మొదలవుతుంది. కోట గోడ ద్వారంలోంచి ఊళ్ళోకి వెళ్తే గగన్ మహల్, రంగనాథస్వామి గుడి, రథం నిలబెట్టే వీధి, అరుగులున్న ఇళ్ళు. అరటి నారతో బుట్టలు, సంచులు అల్లే ఆడవాళ్ళు కనిపిస్తారు. కొంటే ఇక్కడే కొనండి. ఊరి దగ్గర నదిలో ఒక లంక మీద నవబృందావనం ఉంది. తొమ్మిదిమంది మాధ్వ యతుల బృందావనాల్లో (సమాధుల్లో) రాయల గురువు వ్యాసరాయలదీ ఒకటి. 2019లో నిధి కోసం దుండగులు దాన్ని తవ్వేస్తే భక్తులు కొద్దిరోజుల్లోనే తిరిగి నిలబెట్టారు. అక్కడికి మరబోటులో వెళ్ళాలి.

హంపి నుంచి విరూపాపుర గడ్డకు, తళారిఘట్ట నుంచి ఆనెగొందికి పడవలున్నాయి. సాయంత్రం చివరి పడవ ఎన్నింటికో పొద్దున్నే అడిగి పెట్టుకోండి. అది తప్పితే బుక్కసాగరం, కడేబాగిలు వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి, ఆ టైంలో ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి.

హనుమంతుడు పుట్టింది ఇక్కడి అంజనాద్రి మీదా, తిరుమలలోనా?

కిష్కింధ ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. పంపా సరోవరం, శబరి గుహ, వాలి గుహ అన్నీ చూపిస్తారు. 2021లో టీటీడీ తిరుమల అంజనాద్రే జన్మస్థలమని ప్రకటించినప్పుడు రెండు వైపులా వాదనలు బాగానే జరిగాయి. ఆ పంచాయితీ కొండ కింద వదిలేసి 575 మెట్లు ఎక్కండి. పైనుంచి నది వంపులు, వరి మడులు, విరూపాక్ష గోపురం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. తెల్లవారుజామునైతే ఎక్కడం తేలిక. చేతిలో కవర్ కనబడితే కోతులు వదలవు, అరటిపండ్లు సంచి అడుగున పెట్టుకోండి.

ఈ గుట్టలు ఎవరో పేర్చినట్టు ఎందుకున్నాయి?

వాలి సుగ్రీవులు రువ్వుకున్న రాళ్ళని ఇక్కడి మాట. భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. లోపలి పగుళ్ళ వెంట నీళ్ళు దిగి, ఎండకు వానకు అంచులు కరిగి, మట్టి కొట్టుకుపోయాక గుండ్లు మిగిలాయి. ఎక్కడివక్కడే అరిగినవి కాబట్టే ఒకదాని మీదొకటి నిలబడ్డాయి.

చాలా గుండ్ల మీద కుట్లు వేసినట్టు వరసగా చిన్న చతురస్రపు గుంటలు కనిపిస్తాయి. అవి శిల్పుల పని. గుంటల్లో ఎండిన చెక్క మేకులు దిగగొట్టి నీళ్ళు పోస్తే అవి ఉబ్బి, ఆ గీత వెంట రాయి చీలేదని చెబుతారు. సగం చీలి వదిలేసినవి, గుంటలు తొలిచి అసలు చీల్చనివి కూడా ఉన్నాయి. గుడి పక్కనే గని. అంత పెద్ద నగరం అంత తొందరగా ఎలా లేచిందన్నదానికి సగం జవాబు ఆ గుంటల్లో ఉంది.

ఓపికున్నవాళ్ళు గంగావతి అవతల హిరేబెణకల్ గుట్ట ఎక్కొచ్చు. పెద్ద రాతి పలకలతో గదుల్లా కట్టిన వందల సమాధులున్నాయి, రెండు వేల ఏళ్ళకు పైబడినవి. నీడ ఉండదు, బోర్డులుండవు. ఊరివాళ్ళను ఒకరిని తోడు తీసుకెళ్ళండి.

అడవి జంతువులు కనిపిస్తాయా?

హంపికి 15 కిలోమీటర్ల దూరంలో దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది, 1994లో ఏర్పాటైంది. మధ్యాహ్నం పూట సిబ్బంది రాళ్ళ మీద బెల్లం, తేనె లాంటివి పూసి వస్తారు. కాసేపటికి ఎదుటి గుట్ట మీద ఎలుగులు ఒక్కొక్కటే దిగుతాయి, కొన్నిసార్లు వీపు మీద పిల్లలతో. వాచ్‌టవర్ నుంచి చూడటమే, దగ్గరికి వెళ్ళనివ్వరు. దూరదర్శిని లేకపోతే నల్లటి చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. పిట్టల మీద ఆసక్తి ఉంటే పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం ఈ గుట్టల్లో వెతకండి. దక్కనులో కొన్ని రాతి గుట్టల్లోనే ఉంటుంది.

నదిలో నీటికుక్కలున్నాయి. డ్యాం నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో వాటి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తెల్లవారుజామున అలికిడి లేకుండా కూర్చుంటే గుంపుగా ఈదుతూ కనిపించే అవకాశం ఉంది.

నదిలో స్నానం చేయొచ్చా? పుట్టి ఎక్కొచ్చా?

విరూపాక్ష ఆలయం దగ్గర స్నానఘట్టంలో, జనం మధ్య, మెట్ల మీద సరే. మిగతా చోట్ల దిగకండి. పైకి నిదానంగా కనిపించినా రాళ్ళ మధ్య సుడులుంటాయి, మొసళ్ళూ ఉన్నాయి. సనాపూర్ దగ్గర బండల మీది నుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా. అక్కడే 2025 మార్చిలో రాత్రివేళ కాలువ ఒడ్డున కూర్చున్న పర్యాటకుల మీద ఘోరమైన దాడి జరిగింది. చీకటి పడ్డాక ఊరికి దూరంగా కూర్చోవద్దు.

చక్రతీర్థం దగ్గర పుట్టి ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. బేరం ముందే. పుట్టిని గిరగిరా తిప్పమని పిల్లలు అడుగుతారు, నీళ్ళు తక్కువున్న రోజే ఒప్పుకోండి.

నీటి మట్టం డ్యాం మీద ఆధారపడుతుంది. అనంతపురానికి హెచ్చెల్సీ (ఎగువ కాలువ), కర్నూలుకు ఎల్లెల్సీ (దిగువ కాలువ) నీళ్ళు వచ్చేది ఆ డ్యాం నుంచే. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మన ఇంజనీరు కన్నయ్యనాయుడు పారే నీళ్ళలోనే అడ్డు పలకలు దించి వారంలో ఆపిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గేట్లు ఎత్తిన రోజు పురందర మండపం మునిగిపోతుంది. ఒడ్డుకు కాస్త దూరంగానే నిలబడి చూడండి.

పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తిరగగలరా?

విరూపాక్ష ఆలయం, కృష్ణాలయం, నరసింహుడు, లోటస్ మహల్, హజారరామ ఆలయం ఇబ్బంది లేకుండా చూడొచ్చు. విఠల ఆలయానికి బ్యాటరీ బండి ఉంది. మతంగ కొండ, అంజనాద్రి వదిలేయండి. సూర్యాస్తమయం కావాలంటే హేమకూటం చాలు. గుడి పక్కనే చదునైన బండ, నాలుగడుగులు వేస్తే పైన ఉంటారు.

టికెట్లు, తిండి, భాష?

విఠల ఆలయం, లోటస్ మహల్ ప్రాంగణం, కమలాపురం మ్యూజియం మూడింటికీ ఒకటే టికెట్, అదే రోజు చెల్లుతుంది. పారేసుకోకండి. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఉచితం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మొత్తం ప్రాంతం నమూనా అక్కడుంది, ముందే చూస్తే దిక్కులు అర్థమవుతాయి.

హంపిలో మాంసం, మద్యం దొరకవు. పొద్దున ఉగ్గాణి బజ్జీ దొరుకుతుంది, రాయలసీమవాళ్ళకు ఇల్లు వదిలినట్టే ఉండదు. మధ్యాహ్నం జొన్నరొట్టె, నూనె వంకాయ. తెలుగులో మాట్లాడితే ఆటోవాళ్ళు, హోటలువాళ్ళు తెలుగులోనే జవాబిస్తారు.

శిథిలాల మీద ఎక్కితే ఏమవుతుంది?

2019లో నలుగురు కుర్రాళ్ళు స్తంభాలు తోసేసి వీడియో తీసుకున్నారు. కోర్టు ఒక్కొక్కరికి 70 వేల జరిమానా వేసి, వాళ్ళ చేతే స్తంభాలు నిలబెట్టించింది. వాన పడుతున్నప్పుడు మండపాల కింద తలదాచుకోవడం కూడా మంచిది కాదు. 2024 మేలో వానలకు విరూపాక్ష బజారులో సాలుమండపం (వరస స్తంభాల మండపం) కొంత కూలింది.

తిరుగు ప్రయాణంలో ఏం చూడొచ్చు?

కారులో అనంతపురం వైపు వెళ్ళేవాళ్ళు పెనుకొండలో ఆగండి. 1565 తర్వాత రామరాయల తమ్ముడు తిరుమలరాయలు కోశాగారంతో, పరివారంతో వచ్చి రాజధాని పెట్టింది అక్కడే. కొండ కింద కోట గోడలు, గగన్ మహల్ ఉన్నాయి. ఆనెగొందిలో అదే పేరున్న మహల్ చూసి ఉంటారు కాబట్టి రెండింటినీ పోల్చుకోవచ్చు. ఇంకా టైముంటే అక్కణ్ణుంచి లేపాక్షి దగ్గరే. అచ్యుతరాయల కాలం నాటి పైకప్పు బొమ్మలు విరూపాక్ష మండపం కంటే బాగా నిలిచి ఉన్నాయి.